ఏమో అన్న యంత్రం

ముందే ఒక మాట చెప్పాలి:
ఇది నెత్తురు గడ్డకట్టడం కాదు.
గడ్డకట్టడం గాయం పని.
ఇది గుంపు కట్టడం.
పరాయి వాసన తగలగానే
కణాలు ఒకదాని కొంగు ఒకటి పట్టుకోవడం.

నేను పని నేర్చుకున్న రోజుల్లో
తెల్ల పింగాణీ పలక ఉండేది.
ఒక చుక్క నెత్తురు, ఒక చుక్క సీరం.
చేటలో బియ్యం ఆడించినట్టు
దీపం కింద మెల్లగా ఆడించాలి.
విరిగిన పాలలా పలుకులు తేలితే అవును,
చిక్కటి రంగు అలాగే ఉండిపోతే కాదు.
రెండు నిమిషాలు.
చేయి వణకకూడదు, ఆవలింత రాకూడదు.

వచ్చింది ఒకసారి.
మంచు కిటికీ సగం దాకా పేరుకున్న ఏడాది,
తెల్లవారుజాము నాలుగింటికి
ఇసుక రేణువంత పలుకు నా కంటి ముందే తేలింది.
లేదనుకున్నాను.
లేదని రాశాను.
కుర్రాడు బతికాడు,
మూడు రోజులు మూత్రం కాఫీ రంగులో పోసి మరీ బతికాడు.
పేరు మర్చిపోయాను గానీ
మంచం అంచున వేలాడిన మేజోళ్ళు గుర్తు:
ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమ.

అందుకే డాక్టర్ మార్తినిచ్ యంత్రం తెప్పించినప్పుడు
అందరిలా నేను మూతి ముడుచుకోలేదు.
దానికి నిద్ర లేదు.
జెల్ నింపిన ఆరు సన్నటి గొట్టాల కార్డును మింగుతుంది,
గిర్రున తిప్పుతుంది, ఫోటో తీస్తుంది.
పైనే ఆగిపోయిన ఎర్ర గీత: అవును.
అడుగుకు జారిన బొట్టు: కాదు.
నడుమ కారప్పొడిలా చెదిరితే
ఒకటి, రెండు, మూడు అని మార్కులు.
"రొమీల్దా, మన కళ్ళకి పెన్షన్ వచ్చిందే" అంది క్లోరిందా.

నిన్న రాత్రి పుంతా అరేనాస్‌లో
గాలి రేకుల కప్పుల్ని పేరు పెట్టి పిలుస్తోంది.
వార్డు నుంచి ముంగిలి దాటి
ఒక నమూనా వచ్చింది,
లోపలికి రాగానే గాజు చెమర్చింది.
ఎలెవుతేరియో కార్కామో, అరవై రెండేళ్ళు,
జలసంధిలో రాజపీతల బోనులు లాగే మనిషి.
హిమోగ్లోబిన్ ఆరు.
వేళ్ళు నీలంగా ఉన్నాయని నర్సు రాసింది.
బోనులు లాగే వాళ్ళందరి వేళ్ళూ నీలమే కదా అని
ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు,
అతనితో సహా.

యంత్రం కార్డు తీసుకుంది.
ఆరు గొట్టాల్లోనూ పైన ఎర్ర గీతే.
ఆరోది సాక్షి గొట్టం.
అందులో యాంటీసీరం లేదు.
అక్కడ ఎవరూ గుంపు కట్టకూడదు.
కట్టారు.

నేనైతే, ఆ నాలుగింటి నేనైతే,
ఏబీ అని రాసేసి దీపం ఆర్పేదాన్ని.
యంత్రం రాయలేదు.
తెర మీద ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఆగింది.
వచ్చిన పద్దెనిమిది నెలల్లో మొదటిసారి
అది నాకు మంచి పనివాడిలా కనిపించింది,
తెలియనిచోట ఏమో అనగలవాడిలా.

నీళ్ళ తొట్టి ముప్పై ఏడు డిగ్రీలకు ఎక్కడానికి టైం పడుతుంది.
ఆలోగా గొట్టాన్ని పిడికిట్లో పెట్టుకుని నిలబడ్డాను.
పద్ధతుల పుస్తకంలో పిడికిలి లేదు.
క్లోరిందా చూసీ చూడనట్టు మాతే కలుపుకుంది.
కాసేపటికి గాజుకు అంటిన నలుసులు
అలిగి కూర్చున్న చుట్టాల్లా
ఒక్కొక్కటే లేచి కదిలాయి.

వెచ్చటి సెలైన్‌తో నాలుగుసార్లు కడిగి
మళ్ళీ యంత్రానికిచ్చాను.
సాక్షి గొట్టంలో బొట్టు అడుక్కి దిగింది.
ఓ పాజిటివ్.
ఈ ఊళ్ళో సగం మందికి ఉన్నదే.
చలేస్తే మాత్రం
తన కణాల మీద తనే తిరగబడే నెత్తురు.

వార్డుకి ఫోన్ చేశాను:
ఎక్కించే రక్తం వెచ్చబెట్టండి,
చేతులకు ఉన్ని తొడగండి,
ఆ కిటికీ మూయండి.
"ఏ కిటికీ?" అంది నర్సు.
"ఏదైనా."

పొద్దున డ్యూటీ దిగేసరికి గాలి ఇంకా తగ్గలేదు.
ఇలాంటి రోజుల్లో వీధి మూలన తాళ్ళు కడతారు,
మనుషులు ఎగిరిపోకుండా.
పట్టుకుని బస్సు కోసం నిలబడ్డాం:
ఒక పోస్ట్‌మ్యాన్, ఇద్దరు బడిపిల్లలు,
రొట్టెల సంచితో ఒక ముసలమ్మ, నేను.
ముక్కూ మొహం తెలియకపోయినా
భుజానికి భుజం ఆనించి.
బస్సొచ్చింది. లోపల హీటరు.
రెండు వీధులు దాటేసరికి
ఒక్కొక్కరం విడివడి
తలో కిటికీకి జరిగాం.